ఎడమచేతి బోల్టు

టేబుల్ మీద ఏడు తుపాకులు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. తూటాని గొట్టంలోకి నెట్టే బోల్టులన్నీ వెనక్కి లాగి, గొట్టాలు గోడవైపు తిప్పి పెట్టారు. టోర్విక్ అనే ఆ చిన్న ఊళ్లో ఎవరైనా మొదటి తుపాకీ కొనబోతున్నారంటే గురికాల్పు సంఘం వాళ్లు చేసే మర్యాద అది. ఆ శనివారం ప్రతివాడూ తన తుపాకీ తెచ్చి అక్కడ పెడతాడు. కొనబోయే మనిషి ఒక్కోదానితో అయిదేసి తూటాలు కాల్చి చూసుకోవచ్చు. పళ్లు తోముకునే బ్రష్షయినా అరువిస్తారేమో గానీ మామూలు రోజుల్లో తుపాకీ ముట్టుకోనివ్వని మనుషులు వాళ్లు.

ఈసారి కొనబోయేది లవోన్ బ్రెక్కె. పాత వెన్న ఫ్యాక్టరీ కింద సంఘం వాళ్లు కాల్చుకునే నేలమాళిగలో ఆరేళ్లుగా ఆమె పని కాఫీ కాచడం, నిమ్మకాయ కేకు ముక్కలు కోసి పెట్టడం, గురిపెట్టి కాల్చే కాగితాల మీద పేర్లు రాయడం. ఈ చలికాలం మొదట్లో ఉన్నట్టుండి సంఘం తుపాకీ ఒకటి అడిగి తీసుకుని, యాభై రెండేళ్ల వయసులో, కాల్చేవాళ్ల కోసం నేల మీద పరిచిన పరుపు మీద బోర్లా పడుకుంది. మగవాళ్లెవరూ నవ్వలేదు. కాకపోతే ఇక కాఫీ ఎవరు పెడతారన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సంఘం తుపాకీ ఒక్క చలికాలానికే ఇస్తారు. జిల్లా పోటీకైతే సొంత తుపాకీ ఉండి తీరాలి. జట్టులో అయిదో చోటు ఖాళీగా ఉంది. దానికి ఆమె, రాడ్నీ అనే మెకానిక్కు, ఇద్దరూ ఆశపడుతున్నారు. పన్ను కింద ఎక్కువ కట్టగా తిరిగొచ్చిన మూడొందల యాభై డాలర్లు లవోన్ చేతిలో ఉన్నాయి. దాంతో ఒక్క తుపాకీ వస్తుంది. అది కుదరకపోతే మళ్లీ కాఫీ కుండ దగ్గరికే.

"ముందు నాది పట్టు. బోల్టు గుర్తుందిగా? పైకెత్తు, వెనక్కి లాగు, ముందుకి నెట్టు, దించు. ఎత్తకుండా లాగితే రాదు," అన్నాడు ఆర్లో స్కౌగ్. "తొందరపడేవాళ్ల కోసం కాదు ఇది."

ఆర్లో సంఘానికి కెప్టెను. నలభై ఏళ్లు పల్లెలన్నీ తిరిగి ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. వయసు డెబ్భై రెండు. ఆయన పరుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆమె మోచేతులు సర్దాడు, పట్టీ బిగించాడు.

"రెండు కళ్లూ తెరిచే ఉంచు. ఒకటి మూస్తే మొహం అంతా బిగుసుకుంటుంది."

లవోన్ తుపాకీ మీద గురి చూసే వెనక రంధ్రంలోంచి గొట్టం చివరి రింగు చూసింది, రింగులోకి యాభై అడుగుల దూరాన ఉన్న నల్లచుక్క తెచ్చుకోబోయింది. చుక్క రెండుగా చీలింది, మళ్లీ ఒకటయింది, పక్కకి జరిగింది. ఊపిరి వదిలి ట్రిగ్గర్ నొక్కింది. కాగితం తాడు మీద జారుతూ వెనక్కి వచ్చేసరికి అయిదు చిల్లులూ చుక్కకి ఓ పక్కగా చెదిరి ఉన్నాయి. యాభైకి ముప్పై తొమ్మిది.

"ట్రిగ్గర్ గట్టిదయింది ఆమెకి," అన్నాడు డ్వేన్. ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టు ఆయనదే. రంగు డబ్బాల వెనక వరసలో తుపాకులూ అమ్ముతాడు. "నాది ఇవ్వండి, మెత్తగా ఉంటది."

డ్వేన్ తుపాకీతో నలభై ఒకటి. అప్పుడు భుజానికి ఆనే చెక్క పొడుగెక్కువైందన్నారు. పొట్టిది ఇస్తే ముప్పై ఎనిమిది. గొట్టం సన్నమై వణుకుతోందన్నారు. లావు గొట్టంది ఇచ్చారు. అప్పటికి మగవాళ్లకి హుషారొచ్చేసింది. ఏ గొట్టం మంచిది, ఏ ట్రిగ్గర్ మంచిది అని వాదించుకోవడంలో పడి, మధ్యలో పరుపు మీద ఒక మనిషి ఉందన్న సంగతే మరిచారు. ఆడలేక మద్దెల ఓడన్నారని అంటారు గానీ, ఆడే మనిషి నోరెత్తకపోయినా చుట్టూ ఉన్నవాళ్లే మద్దెల మార్చుకుంటూ కూర్చున్నారు. ఎడమ చెయ్యి తీసి పుర్రచెయ్యి పెట్టినట్టు ఏడు తుపాకులూ అయిపోయాయి. లవోన్ మోచేతులు కందిపోయాయి.

"ఇట్లా చూడు," అని ఆర్లో తానే పడుకుని అయిదు కాల్చాడు. నలభై నాలుగు వచ్చింది. పోయినేడాది ఈ మనిషి నలభై తొమ్మిదికి తగ్గితే ఆ రోజు అన్నం సయించేది కాదు.

"ఈ పెట్టె తూటాలు పాడుబడ్డవి," అని ఆయన సగం పెట్టె చెత్తబుట్టలో పడేశాడు. ఈ నెలలో అది మూడో పెట్టె.

*

సోమవారం బంగాళాదుంపల గోడౌన్‌లో లవోన్ ఎప్పటిలాగే బెల్టు ముందు నిలబడింది. కడిగిన దుంపలు నీళ్లోడుతూ దొర్లి వస్తుంటే ఆకుపచ్చ తిరిగినవి, కత్తిపడ్డవి, మెత్తబడ్డవి ఏరి పక్క తొట్టిలో వెయ్యాలి. పద్దెనిమిదేళ్లుగా అదే పని. చెడ్డ దుంప ఆమె కన్నుగప్పి పోవడమంటూ లేదు.

"ఏమే, తుపాకీ కొన్నావా?" ఎదుటి వైపు నుంచి అరిచింది మెర్నా. బెల్టు చప్పుడులో అక్కడ అందరూ అరుచుకునే మాట్లాడుకుంటారు.

"లేదే. ఏడు కాల్చి చూశా. ఏడూ ఒకటే తీరు."

"అయితే ఎనిమిదోది కాల్చు."

"డబ్బులేమన్నా బెల్టు మీద దొర్లుకుంటూ వస్తున్నాయా?"

పదిన్నరకి బెల్టు ఆగింది. ఇద్దరూ తొడుగులు విప్పి, బస్తాల మీద కూర్చుని రొట్టెలు తీశారు.

"అసలు ఆ రంధ్రంలోంచి ఏం కనపడుద్దే?" అంది మెర్నా.

బస్తాలకి అంటించే చీటీల చుట్ట అయిపోయి, లోపలి అట్టగొట్టం పక్కన పడుంది. లవోన్ దాన్ని తీసి, "ఇదిగో, ఇట్లా," అంటూ కంటికి పెట్టుకుని తలుపు మీది గడియారం వైపు చూసింది. "ఒక రింగులో ఇంకో రింగు. మధ్యలో చుక్క."

మెర్నా నమలడం ఆపింది.

"మళ్లీ పెట్టు."

"ఏంటి?"

"ఆ గొట్టం మళ్లీ కంటికి పెట్టవే."

లవోన్ పెట్టింది.

"తుపాకీ ఏ భుజం మీద పెట్టుకుంటున్నావ్?"

"కుడి భుజం. అందరూ పెట్టుకునేదే."

"మరి గొట్టం ఎడమ కంటికి పెట్టావేం?"

లవోన్ గొట్టం దించి దానివైపు చూసింది. పట్టుబట్టి కుడి కంటికి పెట్టుకుంది. గడియారం అంకెలు అలుక్కుపోయినట్టున్నాయి. ఇంకెవరి చెప్పులోనో కాలు పెట్టినట్టు మొహమంతా ఇబ్బందిగా అనిపించింది. గొట్టం పక్కన పెట్టి, రెండు కళ్లూ తెరిచి, వేలు చాపి గడియారం పన్నెండు మీద నిలిపింది. కుడి కన్ను మూసింది. వేలు కదల్లేదు. ఎడమ కన్ను మూసింది. వేలు గడియారం దాటి గోడ మీదకి దూకింది.

"ఏడుగురు మగాళ్లు, ఏడు తుపాకులు," అంది మెర్నా. "ఒక్కడూ నీ మొహం చూళ్లేదటే?"

"తుపాకులు చూశారు," అంది లవోన్.

ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది. చలికాలమంతా తన వేళ్లే మొద్దువనుకుంది, వయసు మీరాక సిగ్గులేక దిగాననుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

*

మంగళవారం సాయంత్రం కొట్లో డ్వేన్ ఆమె కోసం ఒక తుపాకీ ముందే తీసిపెట్టి ఉంచాడు. చిన్నది, తేలికది, చెక్క భాగమంతా గులాబీరంగు ప్లాస్టిక్కు.

"నీకు సరిగ్గా సరిపోద్ది. ఆడవాళ్లంతా ఇదే తీసుకుంటారు."

"ఎంతమంది తీసుకున్నారు?"

"ఇంకా ఎవరూ తీసుకోలేదనుకో," అని డ్వేన్ మెడ గోక్కున్నాడు.

"బోల్టు ఎడమవైపు ఉన్నది ఏదన్నా ఉందా?"

డ్వేన్ ఆమె చేతులవైపు చూశాడు. "నువ్వు సంతకం కుడిచేత్తోనే కదా పెడతావు?"

"సంతకం చేత్తో పెడతా. గురి కంటితో చూస్తా."

ఒక్కటంటే ఒక్కటుంది. నాలుగేళ్ల కిందట ఎవరో పురమాయించి రాకుండా పోతే, వార్నిష్ డబ్బాల వెనక మూలపడి ఉంది. డ్వేన్ గుడ్డతో దుమ్ము దులిపి కౌంటర్ మీద పెట్టాడు. మామూలు చెక్క, మధ్యరకం లావు గొట్టం. బోల్టు పిడి ఎడమవైపు ఉండటంతో చూడగానే ఏదో తిరగబడినట్టుంది.

లవోన్ తొందరపడలేదు. తుపాకీ ఖాళీదని ముందు తాను చూసుకుంది, తర్వాత డ్వేన్‌కి చూపించింది. మోచెయ్యి మడిచి చెక్క చివర మడతలో ఆనించి చూస్తే వేలి చివర ట్రిగ్గర్‌కి సరిగ్గా అందింది. బోల్టు లాగి నెట్టింది. ఇసక తగిలినట్టు కొంచెం గరగరమంది, కానీ మూసుకున్నాక వదులు లేదు. డ్వేన్‌ని అడిగి, గోడవైపు పెట్టి ఖాళీ ట్రిగ్గర్ అయిదారుసార్లు నొక్కింది. ప్రతిసారీ వేలి మీద ఒకే బరువు పడగానే టక్కుమంది. అది చాలు. తుపాకీ మీద బిగించే దుర్భిణి ఇస్తానన్నాడు, వద్దంది. పోటీలో దాన్ని ఒప్పుకోరు. దాని బదులు గురి చూసుకునే రంధ్రపు సైటు పాతది ఒకటి అడిగింది.

"రెండొందల తొంభై. ఇది మళ్లీ అమ్ముదామన్నా ఎవడూ కొనడు, ముందే చెప్తున్నా. సైటు ఊరికే బిగించి ఇస్తా."

కాగితాలు నింపి, డ్వేన్ ఫోన్ చేసి అనుమతి తెచ్చుకునేదాకా ఆమె తుపాకీ మీద చెయ్యి వేసే నిలబడింది. భయం వేసింది. మళ్లీ అమ్ముడుపోని వస్తువు కొనడం ఆమెకి అలవాటు లేదు.

ఆ రాత్రీ, మర్నాడు గోడౌన్ నుంచి రాగానే మళ్లీ, ముందుగది రగ్గు మీద పడుకుని, ఖాళీ తుపాకీతో లైటు స్విచ్చికి గురిపెట్టింది. చెంప కొత్త చోట ఆనాలి, భుజంలో కొత్త గుంట వెతుక్కోవాలి. చేతులు రెండింటినీ మళ్లీ ఒకటో తరగతిలో వేసినట్టయింది. కానీ కంటికి మాత్రం ఎవరూ ఏమీ నేర్పాల్సిన పని లేకపోయింది. చుక్క ఒక్కటే కనిపించింది, నల్లగా, కదలకుండా.

*

గురువారం సాధనకి ఆమె సంచి విప్పగానే అందరూ చుట్టూ మూగారు.

"అద్దంలో చూసి కొన్నావా?" అన్నాడు ఆర్లో. అందరూ నవ్వారు. ఆర్లో మాత్రం నవ్వలేదు.

లవోన్ అట్టగొట్టం సంగతి చెప్పింది. డ్వేన్ వెంటనే వేలు చాపి తన కళ్లు పరీక్షించుకున్నాడు. మిగతావాళ్లూ మొదలుపెట్టారు. కాసేపు నేలమాళిగంతా వేళ్లు చాపి ఒంటికన్ను మూసిన మగవాళ్లే.

"ఆపండి ఆ వేషాలు," అన్నాడు ఆర్లో. "కాల్చేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని ఎడమదాని మీద ప్లాస్టర్ ముక్క అంటిస్తే సరిపోయేది. నా దగ్గర పదిమంది అట్లాగే నేర్చుకున్నారు."

"నా కుడి కంటికి మసగ్గా ఉంది ఆర్లో."

"మసకా లేదు, పొగా లేదు. వయసొచ్చాక ఎవరి కన్నయినా అంతే. కష్టపడి చూడాలి. చూస్తే కనపడుద్ది." ఆ మాటకి అంత కోపం అక్కర్లేదు. ఆయన గొంతు మేడమెట్ల దాకా వినిపించింది. "ఇక్కడ పరుపులన్నీ కుడిచేతివాళ్లకి వేసినయ్యి. నువ్వు అటు తిరిగి పడుకుంటే నీ బోల్టులోంచి ఎగిరే ఖాళీ తూటాలు పక్కవాడి మెళ్లో పడతాయి."

"ఇన్నాళ్లూ మీ తూటాలు నా మెళ్లో పడ్డాయి. నేనేమన్నా అన్నానా?"

డ్వేన్ పగలబడి నవ్వి, ఆర్లో మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

ఆర్లో తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. కానీ అన్యాయస్థుడని మాత్రం ఆయన్ని ఎవరూ అనలేదు. "శనివారం వందకి తొంభై కొట్టు," అన్నాడు. "రాడ్నీ ఎనభై తొమ్మిది కొట్టి ఉన్నాడు. తొంభై వస్తే చోటు నీది. రాకపోతే కాఫీ చూసుకో."

కాఫీ మాట ఆమెకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కుడి చివర పరుపు తీసుకుని, కాళ్లు గోడవైపు చాపి పడుకుంది.

*

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఆమె వంతు వచ్చింది. ఒక కాగితం మీద పది నల్లచుక్కలు. చుక్కకి ఒక్క తూటా. రాడ్నీ గోడకి ఆనుకుని గోళ్లలోని గ్రీజు తీసుకుంటున్నాడు.

మొదటిది కాల్చింది. ఖాళీ తూటా ఎడమవైపు ఎగిరి పక్క పరుపు మీద పడింది. పక్క పరుపు ఎవరూ వాడుకోలేదు. రెండోది, మూడోది. నాలుగోదానికి చుక్క నిలవలేదు. ట్రిగ్గర్ మీంచి వేలు తీసేసి, తల ఎత్తి, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టింది. ఎవరో దగ్గారు. ఆమెకి వినపడింది గానీ పట్టించుకోలేదు. బెల్టు ముందు నిలబడ్డప్పుడు ఇంతే, వచ్చే దుంప ఒక్కటే ఉంటుంది, పోయిన దుంపతో పని లేదు. పదోది కాల్చి బోల్టు వెనక్కి లాగి ఉంచినప్పుడు గాని తన నోరు ఎండిపోయిందని తెలియలేదు.

కాగితాలు లెక్క కట్టేది ఎప్పుడూ ఆర్లోనే. చిల్లు అంచు చుక్కలోని వలయపు గీతకి తగిలితే పై అంకె ఇవ్వాలి, తగలకపోతే కింది అంకె. ఆయన కొత్తగా పెట్టించిన దీపం కింద కూర్చుని, భూతద్దం కుడి కంటికి పెట్టుకున్నాడు.

"పది. తొమ్మిది. ఇది గీతకి తగల్లేదు, ఎనిమిది." పెన్సిల్ కదిలింది. "ఇదీ తగల్లేదు."

మొత్తం ఎనభై ఎనిమిది.

రాడ్నీ గోడ మీంచి భుజం తీశాడు. లవోన్ టేబుల్ మీదకి వంగి కాగితం చూసింది. మూడో చిల్లు గీతని కొరికేసి ఉంది. ఆరోది, ఏడోది కూడా. అలాంటివి అయిదున్నాయి. అద్దమే అక్కర్లేదు, దుంప మీద కత్తిగాటు కనిపించినంత స్పష్టంగా ఉన్నాయి. డ్వేన్‌ని పిలిస్తే చాలు. ఇదిగో చూడండి, కావాలనే తగ్గించాడని అందరి ముందూ అనెయ్యొచ్చు. ఆరేళ్ల కాఫీ కక్షంతా ఆ ఒక్క మాటతో తీరిపోతుంది.

నోరు తెరిచేలోగా ఆర్లో చెయ్యి కంటపడింది. ఆయన అద్దాన్ని చిల్లు మీద పెట్టడం లేదు. చిల్లుకి ఓ పక్కన పెట్టి, తల కొద్దిగా తిప్పి, కంటి కొసలోంచి చూస్తున్నాడు. కాగితాన్ని వాల్చుతున్నాడు, దీపం కిందకి లాగుతున్నాడు, మళ్లీ తల తిప్పుతున్నాడు. చెత్తబుట్టలోకి పోయిన తూటాల పెట్టెలు, కొత్త దీపం, గురువారంనాటి కోపం, అన్నీ ఒక్కసారిగా ఆమెకి అర్థమయ్యాయి. ఈ మనిషి కావాలని తగ్గించడం లేదు. ఆయనకి కనపడటం లేదు.

కోపం పోలేదు. కానీ దాని కింద ఇంకోటి కదిలింది, జాలి కూడా కాదు. చలికాలమంతా తాను ఎవరికీ చెప్పుకోకుండా దిగమింగిందేదో, అదే ఈయన గొంతులోనూ ఉందని తెలిసిపోయింది.

ఆమె ఇంకా వంగి, ఆయనకి ఒక్కడికే వినపడేలా అంది: "ఆర్లో, అద్దం ఎడమ కంటికి పెట్టుకుని ఇంకొక్కసారి చూడండి."

ఆయన చెయ్యి ఆగిపోయింది. తలెత్తలేదు. మెడ మీద ఎరుపు చెవులదాకా పాకింది. చాలాసేపటికి అద్దం రెండో చేతిలోకి మార్చుకుని ఎడమ కంటికి పెట్టుకున్నాడు. మొదటి చిల్లు నుంచి మళ్లీ చూశాడు. మూడో దాని దగ్గర ఆగాడు. ఆరో దాని దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు. పెన్సిల్ తిప్పి రబ్బరుతో అంకెలు చెరిపి, వేళ్లతో పొట్టు దులిపి, కొత్తవి వేశాడు.

"తొంభై మూడు," అన్నాడు పైకి. "నాదే తప్పు. గీతలు సరిగా చూళ్లేదు."

ఆర్లో స్కౌగ్ నోట తప్పు అన్న మాట ఆ గదిలో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. డ్వేన్ చప్పట్లు కొట్టబోయి, ఎందుకో ఆగి, లవోన్ వీపు మీద ఒక్కటి చరిచాడు. రాడ్నీ వచ్చి చెయ్యి కలిపాడు.

ఆర్లో లేచి నల్లబల్ల మీద జిల్లా పోటీకి వెళ్లే అయిదుగురి పేర్లు రాశాడు. నాలుగోది లవోన్. అయిదోది రాడ్నీ. ఇరవై ఆరేళ్లుగా మొదట ఉండే పేరు అసలు లేదు.

"ఇదేంటి ఆర్లో?" అన్నాడు డ్వేన్.

"భుజం పట్టేసింది. ఈ చలికి తగ్గేట్టు లేదు. ఎక్కువ మాట్లాడకండి." సుద్దముక్క గట్టు మీద పెట్టి, కోటు తగిలించుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

లవోన్ తుపాకీ సంచిలో పెట్టి, జిప్పు లాగి, ఆయన వెనకే వెళ్లింది. బయట ఎండ ఉంది గానీ ఊపిరి తీస్తే ముక్కు అంటుకుపోయేంత చలి. ఆర్లో తన ట్రక్కు ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే కరెంటు తీగ గోడ ప్లగ్గులోంచి పీకి మోచేతికి చుట్టుకుంటున్నాడు.

"ఎన్నాళ్లయింది?" అంది.

"చలి మొదలయ్యే ముందు, జింకల వేటప్పటినుంచి." ఆయన తీగ చుట్టడం ఆపలేదు. "సూటిగా చూస్తే మధ్యలో మచ్చ. చుక్క మీద ఇంకో చుక్క. ముందు తూటాలనుకున్నా. తర్వాత సైటు అనుకుని అదీ మార్చా."

"డాక్టర్‌కి చూపించారా?"

"సోమవారం పోతాన్లే."

"సోమవారం నేను తీసుకెళ్తా. మీరు ఈ కంటితో బండి నడపొద్దు. ఇప్పుడు కూడా నా బండిలో దిగబెడతా."

"ఆజ్ఞలు బాగానే ఇస్తున్నావే, జట్టులో చేరి గంట కాలేదు."

"ఎడమ కన్ను బాగుందిగా?"

"బాగుంటే?" ఆయన మొదటిసారి ఆమెవైపు తిరిగాడు. "అరవై ఏళ్లు కుడి భుజం మీద కాల్చానమ్మా. డెబ్భై రెండేళ్లకి ఏం తిప్పుతాం?"

"నాకు నాలుగు రోజులు పట్టింది. మీరు మొండి గనక నాలుగు నెలలు వేసుకోండి."

ఆర్లో నవ్వలేదు. చుట్టిన తీగని ట్రక్కు ముందు భాగం మీద పెట్టి, రోడ్డవతల మంచు కప్పిన దుంప పొలంవైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆయన, ఆమెని కాదన్నట్టు, ఆ పొలాన్ని అడిగినట్టు అడిగాడు.

"ఎడమచేత్తో బోల్టు లాగేటప్పుడు... మొదట్లో ఎట్లా ఉంటది?"

"పరాయివాళ్ల చెయ్యిలా ఉంటుంది. ఏది చెప్పినా ఒకటికి రెండుసార్లు చెప్పాలి."

ఆర్లో చుట్టూ చూశాడు. వాకిట్లో ఇంకెవరూ లేరు. ఎడమచేతి తొడుగు పళ్లతో లాగి తీసి, ఆ చెయ్యి ముందుకు చాపి, లేని బోల్టు పిడిని వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగాడు.

"ముందు ఎత్తాలి," అంది లవోన్.

ఆయన చెయ్యి ఆగింది. మళ్లీ చాపాడు. ఎత్తాడు, లాగాడు, నెట్టాడు, దించాడు. చలికి వేళ్లు ఎర్రబడుతున్నాయి.

"ఇంకోసారి," అందామె.